నల్లాకు మోటారు బిగించే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

నగరంలో నీళ్లు ఒక సంస్థ ఇస్తుంది, కరెంటు మరొక సంస్థ ఇస్తుంది. బిల్లులు వేరు, ఫిర్యాదు చేయవలసిన నంబర్లు కూడా వేరు. అయినా హైదరాబాద్ వరకు ఈ రెండింటినీ విడదీసి చూడడం కుదరదు. ఇక్కడ కరెంటు నడిస్తేనే నల్లాలో నీళ్లు నడుస్తాయి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1908లో మూసీ నది నగరాన్ని ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సూచనల మేరకు కట్టిన ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. గండిపేట ఎత్తున, పాత నగరం దిగువన ఉన్నాయి కనుక, అక్కడి నీరు వాలు వెంట ఆసిఫ్‌నగర్‌లోని శుద్ధి కేంద్రానికి తనంతట తానే చేరేది. నీరు పల్లమెరుగు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పుడు మనం తాగుతున్న కృష్ణా నీరు పల్లానికి రావడం లేదు, మిట్ట ఎక్కి వస్తోంది. నాగార్జునసాగర్ పూర్తిగా నిండిన రోజున కూడా నీటిమట్టం 590 అడుగులే. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంది. ఆ తేడా ఎంతో మీరే లెక్క వేయండి. సాగర్ వెనుక జలాల ఒడ్డున పుట్టంగండి దగ్గర పంపులు నీటిని తోడి అక్కంపల్లి జలాశయానికి ఎక్కిస్తాయి. అక్కడి నుంచి కోదండాపూర్ చేరి, వడపోత పూర్తయ్యాక, నాసర్లపల్లి, గోడకొండ్ల, గునగల్ మీదుగా మజిలీ తరువాత మజిలీ దాటి ఆ నీరు నగరంలోని సాహెబ్‌నగర్‌కు వస్తుంది. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి అది. దారిలో మిట్ట ఎక్కవలసిన ప్రతిచోటా నీటిని ముందుకు నెట్టేది కరెంటే. మొదటి దశ నీళ్లు 2004లో వచ్చాయి, ఆ తరువాత మరి రెండు దశలు తోడయ్యాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీటిదీ ఇదే కథ.

అందుకే ఎక్కడో కోదండాపూర్‌లో కాసేపు కరెంటు పోతే, మరునాడు మన బస్తీలో నల్లా రాదు. పెద్ద పంపులు ఒకసారి ఆగితే, మళ్లీ ఒక్కొక్కటిగా నడిపి, ఖాళీ అయిన పైపులు నింపి, రిజర్వాయర్లలో నీటిమట్టం పెంచుకుంటూ రావాలి. కరెంటు నిమిషాల్లో వచ్చినా, నీళ్లు రావడానికి గంటలు పడుతుంది. ఇంత శ్రమతో ఎక్కివచ్చిన నీరు గల్లీ చివరి ఇంటిదాకా చేరకపోతే నాకు మనసు కష్టమవుతుంది.

చాలాచోట్ల చేరడం లేదు. నీళ్లు వదిలే వేళకు ఏ గల్లీలోనైనా చివరి ఇంటి ముందు కాసేపు నిలబడి చూడండి. నల్లా కింద బిందె పెట్టి ఒక పెద్దావిడ కూర్చుని ఉంటారు. ధార బాగానే పడుతుంటుంది. ఇంతలో పైన ఒక ఇంట్లో మోటారు చప్పుడు మొదలవుతుంది, ధార సన్నబడుతుంది. మరొక మోటారు వేస్తారు, ఇక నల్లాలోంచి గాలి తప్ప ఏమీ రాదు. బిందె సగం కూడా నిండదు.

నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించడం చట్టరీత్యా తప్పు. 2025 ఏప్రిల్‌లో, నగరానికి నీళ్లు ఇచ్చే సంస్థ అయిన జలమండలి ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టి, పట్టుబడిన వారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. జరిమానా సంగతి అలా ఉంచండి. మోటారు బలంగా పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పాత పైపుకు ఎక్కడైనా పగులు ఉంటే, పక్కనే పారే మురుగు ఆ పగులు గుండా లోపలికి వస్తుంది. ఆ నీటిని మోటారు వేసినవారే ముందు తాగుతారు. పైగా తడి నేల మీద, ఎర్తింగ్ లేని మోటారు దగ్గర, వైరు అతుకులు తడుస్తుండగా స్విచ్చి వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మరి చేయవలసింది ఏమిటి? మోటారు పెట్టుకోవద్దని నేను అనడం లేదు, నల్లాకు పెట్టుకోవద్దంటున్నాను. నల్లా నీళ్లు వాటంతట అవి వచ్చి పడేలా నేలమట్టానికి దిగువన సంపు కట్టించుకోండి. సంపు నిండగానే నీళ్లు ఆగేలా బాల్ వాల్వు పెట్టించండి. పిల్లలు పడకుండా గట్టి మూత వేయించండి. మోటారును సంపుకే బిగించి, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, పైన ట్యాంకుకు ఎక్కించుకోండి. సంపు కట్టించుకునే చోటు లేకపోతే ఒక డ్రమ్ము చాలు. అయినా ధార రావడం లేదంటే, లోపం బయటి లైనులో ఉండవచ్చు. అప్పుడు 155313కు ఫోన్ చేసి, మీ నీటి బిల్లు మీద ఉన్న క్యాన్ నంబరు చెప్పి ఫిర్యాదు రాయించండి.