ఒకే బండ మీద ఒక ఉదయం: భువనగిరి గుట్ట ఎక్కేవారికి

[దృశ్యం: తెల్లవారుజాము. వరంగల్ రహదారి మీద నుంచి భువనగిరి గుట్ట నల్లని ఆకారం.]

హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో దాదాపు 50 కిలోమీటర్లు వచ్చేసరికి, అప్పటిదాకా చదునుగా సాగిన నేల మీద ఒక పెద్ద రాతిగుండు కనిపిస్తుంది. నగరం చుట్టూ మనం చూసే గుట్టలు చాలావరకు గుండ్రాళ్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు ఉంటాయి. భువనగిరి గుట్ట అలా కాదు, అడుగు నుంచి కొన దాకా ఒకే బండ. చుట్టుపక్కల నేల నుంచి దీని ఎత్తు సుమారు 500 అడుగులు, విస్తీర్ణం దాదాపు 40 ఎకరాలు. ఇదే రహదారి చివర ఉన్న ఓరుగల్లుకు ఆ పేరు ఏకశిల వల్లే వచ్చిందని చెబుతారు గానీ, ఏకశిల అంటే ఏమిటో కాళ్లకు తెలియాలంటే ముందు ఇక్కడ దిగాలి.

దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మెట్రోలో ఉప్పల్ దాకా వచ్చి, అక్కడ యాదగిరిగుట్ట వైపో వరంగల్ వైపో వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కవచ్చు. రైలైతే సికింద్రాబాదు–కాజీపేట మార్గంలో భువనగిరి స్టేషన్ ఉంది. గుట్ట ఊరిలోనే ఉంటుంది కాబట్టి వెతుక్కోవలసిన పని లేదు, ఏ వీధిలో నిలబడి తలెత్తినా కనిపిస్తుంది.

[దృశ్యం: మొదటి ద్వారం దాటిన తరువాత వాలు బండ. కెమెరా రాతికి దగ్గరగా వెళ్తుంది.]

ఎక్కడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఈ బండను దగ్గరగా చూడండి. లేత గులాబీ రంగులో మెరిసే పలుకులు ఫెల్డ్‌స్పార్, గాజులాంటివి స్ఫటికం, మధ్యలో మిరియపు పొడి చల్లినట్టున్న నల్లని చుక్కలు అభ్రకం. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల చాలా లోతులో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి ఇలా గట్టిపడింది. పైనున్న నేలంతా కోట్ల ఏళ్లపాటు కోతకు గురై కొట్టుకుపోయాక, అంతకాలం తనను అదిమిపెట్టిన బరువు తగ్గడంతో రాయి కొద్దికొద్దిగా వ్యాకోచించింది. అలా వ్యాకోచించినప్పుడు దాని ఉపరితలానికి సమాంతరంగా పగుళ్లు ఏర్పడి, ఉల్లిపొరలు ఊడినట్టు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. గుట్ట ఇంత నున్నగా, గుండ్రంగా ఉండటానికి కారణం అదే. వాలు మీద అక్కడక్కడ మీకు అరచేతి మందం నుంచి మోకాలి ఎత్తు దాకా విడివడిన పలకలు కనిపిస్తాయి. వాటి అంచు మీద పిడికిలితో కొడితే కొన్నిచోట్ల డొల్లగా చప్పుడు వస్తుంది. అలాంటి పలక మీద నిలబడి ఫొటో దిగే సరదా మానుకోవడం మంచిది.

మన ప్రాంతంలో రాయి కొట్టేవారికి ఈ గుణం ఏ పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే తెలుసు. పరుపుబండ మీద మంట పెట్టి, వేడికి పైపొర ఉబ్బి లేచాక దాన్ని పలకగా తీసే పద్ధతి వారిది. ప్రకృతి కోట్ల ఏళ్లలో చేసే పనిని వారు కట్టెలతో ఒక పూటలో చేయించేవారన్న మాట.

[దృశ్యం: బండలో తొలిచిన మెట్లు, పక్కన కోట గోడ.]

ఇప్పుడు కోట సంగతి. దీన్ని కట్టించినది పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు. 1076 నుంచి 1126 వరకు పాలించిన ఆయనకు త్రిభువనమల్లుడనే బిరుదు ఉంది. ఆ బిరుదు మీదుగానే ఇది త్రిభువనగిరి అయి, తరువాత భువనగిరిగా మిగిలింది. ఆయన తరువాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు దీన్ని ఏలారు. 18వ శతాబ్దం మొదట్లో సర్వాయి పాపన్న దీనిమీద దాడి చేశాడు.

ఇంతమంది దీనికోసం పోట్లాడుకోవడానికి కారణం పై నుంచి కనిపించే దూరం ఒక్కటే కాదు, ఇక్కడ గోడ ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఎక్కుతూ గమనించండి: మనిషి కాలు ఆనించగలిగేంత వాలు ఉన్నచోటనే ప్రాకారమూ బురుజులూ ద్వారాలూ ఉన్నాయి. బండ నిట్టనిలువుగా దిగిపోయిన వైపు గోడ కట్టే అవసరం పెద్దగా రాలేదు, అక్కడ రాయే గోడ. మనం ఎక్కే మెట్ల దారి కూడా శత్రువుకు మిగిలిన దారే కాబట్టి, అది మలుపులు తిరుగుతూ, పై గోడల మీద నిలబడినవారికి అడుగడుగునా కనిపించేలా సాగుతుంది. మెట్ల ఎత్తు ఒకేలా ఉండదు. కొన్ని జానెడు కూడా ఉండవు, కొన్నిచోట్ల మోకాలు బాగా పైకెత్తాలి. ఇప్పుడు సగం దారిలో చేతికి ఇనుప కమ్మీలు ఉన్నాయి, పూర్వం పాపం అవీ లేవు.

ఈ కోట నుంచి గోల్కొండకు సొరంగం ఉందని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. కథ బాగుంటుంది, నేను కూడా చిన్నప్పుడు నమ్మాను. ఉలి దెబ్బకు గోరంత పెచ్చు మాత్రమే లేచే రాతిలో 50 కిలోమీటర్లకు పైగా తొలచడం అంటే ఏమిటో, మీ కాలి కింద ఉన్న ఒక్క మెట్టును చూసి మీరే లెక్క వేసుకోండి.

[దృశ్యం: గుట్ట మధ్యలో నీటి గుంట. నీటిలో ఆకాశం నీడ.]

నాకు ఈ గుట్ట మీద అన్నిటికంటే నచ్చేది నీటి ఏర్పాటు. మట్టి నేల మీద పడిన వానలో చాలా భాగం లోపలికి ఇంకుతుంది. బండ మీద ఇంకడానికి చోటు లేదు కనుక, పడిన నీరు దాదాపు అంతా కిందికి జారవలసిందే. 40 ఎకరాల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే అది సుమారు 16 లక్షల లీటర్లు. అందులో పదో వంతు ఆపినా కోటలోని సైన్యానికి రోజులు గడుస్తాయి. రాయి తనంతట తాను గుంట పడి నీరు నిలిచే చోటును మనం దోన అంటాం. ఇక్కడి వారు అలాంటి పల్లాలను ఎంచుకుని, నీరు జారే వైపు అడ్డుకట్ట వేసి, కోనేరులుగా మలిచారు. వాలు మీద పైనుంచి కిందికి పొడుగ్గా దిగిన నల్లని చారలు చూశారా? అవి వాన నీరు ఎప్పుడూ పారే దారులు, తడి ఉన్నచోట పెరిగే నాచు ఎండిపోయి నల్లబడిన గుర్తులు. నీరు ఏ వైపు నుంచి ఏ కోనేరులోకి చేరేదో ఆ చారలు పట్టుకుని చెప్పవచ్చు.

అవే చారలు ఎక్కేవారికి హెచ్చరిక కూడా. ఎండిన గ్రానైటు గరుకుగా ఉండి రబ్బరు అడుగును బాగా పట్టుకుంటుంది. అదే నల్లచార తడిస్తే సబ్బుబిళ్ల. వానాకాలంలో గుట్ట పచ్చగా, చల్లగా ఉంటుందన్నది నిజమే గానీ, చినుకు మొదలైతే మెట్లు విడిచి బండ మీదికి వెళ్లకూడదు.

[దృశ్యం: తాళ్లతో బండ ఎక్కుతున్న విద్యార్థులు.]

రాతికి ఉన్న ఈ పట్టు వల్లనే ఇక్కడ తాళ్ల సాయంతో రాతి ఎక్కడం నేర్పే శిక్షణ సాగుతోంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే. 2014 మే 25న వారిద్దరూ ఎవరెస్టు శిఖరాన్ని చేరినప్పుడు పూర్ణకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు.

[దృశ్యం: గుట్ట పైభాగం, శిథిల భవనం, కింద ఊరు, చెరువు, పొలాలు.]

ఆగుతూ ఎక్కినా గంటలోపు పైకి చేరవచ్చు. పైన శిథిలమైన భవనం, ఒక ఫిరంగి, చుట్టూ గాలి. నీడ మాత్రం చాలా తక్కువ. అందువల్ల సమయం విషయంలో నేను కాస్త పట్టుదలగా చెబుతాను. కోట తెరవగానే ఎక్కండి, ఎండ ముదరకముందే దిగే దారిలో ఉండండి. తలా రెండు లీటర్ల నీళ్లు కింది నుంచే తీసుకెళ్లండి. ఒకసారి మార్చి నెలలో, మధ్యాహ్నం పన్నెండుకు, అడుగు అరిగిన చెప్పులతో దిగడానికి ప్రయత్నించి, సగం దూరం కూర్చుని జరుగుతూ వచ్చిన అనుభవం నాకుంది. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి. రెండింటిలో ప్రమాదం దిగడంలోనే ఎక్కువ, ఎందుకంటే శరీరం బరువంతా ముందుకు తోస్తుంటే పాదం జారే దిశ కూడా అదే అవుతుంది. అడుగులు చిన్నవిగా వేస్తూ, పాదం మొత్తం బండకు ఆనేలా, కొంచెం పక్కకు తిరిగి దిగండి.

[దృశ్యం: దిగువ మెట్ల మీద ఆనించిన అరచెయ్యి.]

చివరి మలుపు దగ్గర, పొద్దున చల్లగా తగిలిన అదే బండ మీద మళ్లీ చెయ్యి పెట్టి చూడండి. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పెనంలా ఉంటుంది. సూర్యుడు వాలాక కూడా చాలాసేపు ఆ వేడి వదలదు, సాయంత్రం ఎక్కుదామనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.