రైలు ఎక్కడికీ పారిపోదు

అందరికీ నమస్కారమండి.

ఇందాక కార్యదర్శిగారు నన్ను ‘రైల్వే ఫొటోగ్రాఫర్’ అని పరిచయం చేశారు. అంత సీను లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తాను, ఆదివారాలు రైళ్లకి ఫొటోలు తీస్తాను. ‘మళ్లీ పట్టాల మీదకి బయల్దేరాడు’ అంటుంది మా ఆవిడ. పట్టాల మీదకి కాదు, పట్టాల పక్కకి అని నేను ప్రతిసారీ సరిదిద్దుతాను. ఆ తేడా చిన్నది కాదు. దాని సంగతి తర్వాత.

మీలో చాలామంది దగ్గర కొత్త డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకోగల కెమెరా) కనిపిస్తోంది. నేను 2017లో వాయిదాల మీద కేనన్ 1300డి కొన్నాను. 18–55 లెన్సు, 55–250 లెన్సు కలిపి ఇచ్చారు (అంకె చిన్నదైతే విశాలంగా కనబడుతుంది, పెద్దదైతే దూరపువి దగ్గరగా కనబడతాయి). కొన్న మొదటి ఆదివారం పొద్దున్నే కడియం స్టేషనుకి వెళ్లాను. కడియం అంటే అందరికీ నర్సరీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడ ఆగకుండా దూసుకుపోయే రైళ్లు గుర్తొస్తాయి. ప్లాట్‌ఫారం చివర నిలబడి, డయల్ ఆకుపచ్చ ఆటో గుర్తు మీద పెట్టి, వచ్చిన ప్రతి రైలునీ టకటకా కొట్టాను. ఇంటికొచ్చి చూస్తే 200 పైచిలుకు ఫొటోలు. ఒక్కటీ పనికిరాలేదు. స్టేషను పేరున్న పసుపు బోర్డు మూడు భాషల్లోనూ అద్దంలా ఉంది. ఇంజనేమో నీళ్లలో తడిసిన బొమ్మలా అలుక్కుపోయింది.

కెమెరా మంచిది కాదనుకున్నాను. డబ్బు పెట్టినవాడికి మొదట వచ్చే అనుమానం అదే. ఆ తర్వాత ఒక కాగితం మీద లెక్క వేశాను. బ్యాంకువాణ్ణి కదా, అది అలవాటు. గంటకి 110 కి.మీ. వేగంతో వెళ్లే రైలు సెకనుకి 30 మీటర్లు కదులుతుంది. ఆటోలో కెమెరా ఎంచుకున్న షట్టరు, అంటే వెలుతురు కోసం కెమెరా తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 125వ వంతు. ఆ కాస్త సమయంలోనే రైలు దాదాపు జానెడు దూరం జరిగిపోతుంది. 1000వ వంతు పెడితే జరిగేది 3 సెంటీమీటర్లే. అంటే అలుక్కుపోవడంలో కెమెరా తప్పేమీ లేదు.

రెండో లెక్క ఇంకా కనువిప్పు. నా కెమెరా వరసగా నొక్కి పట్టుకుంటే సెకనుకి 3 ఫొటోలు తీస్తుంది. సెకనుకి 30 మీటర్లు వెళ్లే రైలు కాబట్టి ఒక్కో ఫొటోకీ మధ్య 10 మీటర్లు. ఇంజను పొడవు సుమారు 20 మీటర్లు. అంటే ఒక ఫొటోలో ఇంజను ఇంకా దూరంగా ఉంటుంది, తర్వాతి దానిలో సగం ఇంజను ఫ్రేము దాటిపోతుంది. మనకి కావలసిన చోట ముక్కు పడేది ఆ రెంటికీ నడుమ. సెకనుకి 10 ఫొటోలు తీసే కెమెరా కొందామా అని ధరలు కూడా చూశాను. మనసు మార్చింది ఒక గేటుమేన్ గారు.

కడియం నుంచి తిరిగొచ్చే దారిలో అనుకుంటాను, ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడింది. బండి స్టాండు వేసి, కెమెరా తీసి, ఇంజను వెంట రోడ్డు మీద నాలుగడుగులు పరిగెత్తాను. రైలు వెళ్లిపోయింది. గేటు ఎత్తుతూ ఆయన, ‘ఏం బాబుగారూ, అలా రైలెనకాల పరిగెడతారేంటండి? అదేవైనా లేడిపిల్లా? పట్టాల మీదే కదండీ వత్తాది. మీరే ముందెళ్లి కూకోండి’ అన్నారు.

ఈ పూట నేను చెప్పబోయేది మొత్తం ఆ మాటలోనే ఉంది. మా మిత్రుడొకాయన కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులకి ఫొటోలు తీస్తాడు. ఆ పిట్ట ఎటు లేస్తుందో, ఎప్పుడు లేస్తుందో బ్రహ్మకి కూడా తెలీదు. ఆయనకి ఖరీదైన కెమెరా కావాలి, న్యాయమే. రైలు అలా కాదు. ఏ అంగుళం మీదుగా వెళ్తుందో ఇంజనీర్లు ఎన్నడో ఇనుముతో గీసి పెట్టేశారు. కాబట్టి రైలు రాకముందే ఫొటోలో నూటికి తొంభై పాళ్లు అయిపోవచ్చు.

ఎలాగో చెబుతాను. ముందు ఇంజను ముక్కు ఎక్కడుండగా నొక్కాలో తేల్చుకోండి. పట్టాల పక్కన ఒక కరెంటు స్తంభమో, కి.మీ. రాయో, కంకరలో తెల్లగా కనబడే ఒక స్లీపరు (పట్టాల కింది అడ్డ దిమ్మ) చివరో గుర్తు పెట్టుకోండి. ఫోకసు దాని మీద పెట్టి, లెన్సు పక్కనున్న మీటని కెమెరాయే ఫోకసు చేసే ఏఎఫ్ నుంచి మనమే చేసుకునే ఎంఎఫ్‌కి జరిపేయండి. ఇక రింగు ముట్టుకోవద్దు. ఎక్స్‌పోజరు (ఫొటోలో పడే వెలుగు) కూడా అంతే. మాన్యువల్‌లో (అన్నీ మనమే ఎంచుకునే పద్ధతిలో) పెట్టి, ఎండ పడుతున్న కంకర మీదో పచ్చగడ్డి మీదో ఒక ఫొటో తీసి చూసుకోండి. ఎండ బాగా కాస్తుంటే షట్టరు 800వ వంతు, ఎఫ్ (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలో) 8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో) 200. పొద్దున్నే లేత ఎండలో అదే షట్టరుకి ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400. రైలొచ్చాక హెడ్‌లైటు చూసి కెమెరా బెదిరిపోయి ఇంజనుని నల్లగా మార్చే గొడవ ఇక ఉండదు, ఎందుకంటే నిర్ణయం దాని చేతిలో లేదు. ముక్కు గుర్తు దగ్గరికి రాగానే ఒక్కసారి నొక్కండి. ఒకటే. పది రైళ్ల తర్వాత మీ వేలికి లెక్క దొరుకుతుంది. సెకనుకి 3 ఫొటోల మోటారు కంటే ఆ వేలే నయం.

మాన్యువల్ మోడ్ అనగానే కొందరి ముఖాలు వాడిపోయాయి. భయపడకండి. ఆటోలో ఉన్న ఇంకో ప్రమాదం చెబితే మీరే వచ్చేస్తారు. ఒక డిసెంబరు సాయంత్రం, చిన్న స్టేషను, వెలుతురు తగ్గుతోంది. ఎక్స్‌ప్రెస్ వస్తోంది. నేను నొక్కాను. నాతో చెప్పకుండా ఫ్లాష్ పైకి లేచి లోకో పైలట్ కళ్లలోకి భగ్గుమంది. ఆయన హారన్ కొట్టుకుంటూ వెళ్లారు. ఆ హారన్లో ఎన్ని తిట్లున్నాయో నాకర్థమైంది. వెయ్యి మందిని మోసుకెళ్తున్న మనిషి కళ్లలో వెలుగు కొట్టడం ఫొటోగ్రఫీ కాదు. ఆ రోజు నుంచి నా డయల్ ఆకుపచ్చ గుర్తు మీదకి పోలేదు.

తెల్ల రైలుది ఇంకో తంటా. 2023 సంక్రాంతికి విశాఖపట్నం–సికింద్రాబాదు వందే భారత్ మొదలైనప్పుడు ఊళ్లో కెమెరా ఉన్న ప్రతివాడూ తీశాడు. సగం ఫొటోల్లో ఆ రైలు ఉతకని పంచెలా ఉంది. కెమెరా మీటరు లోకాన్నంతా బూడిదరంగు అనుకుంటుంది. తెల్లది కనబడితే వెలుగెక్కువైందని తగ్గించేస్తుంది, నల్ల బొగ్గు వ్యాగన్లు కనబడితే పెంచేస్తుంది. గడ్డి మీద చూసి పెట్టుకున్నవాడికి ఈ బాధ లేదు. ఆ రోజు ఇంకొకటి కూడా గమనించాను. రైళ్ల మీద ఎల్ఈడీ అక్షరాల బోర్డులుంటాయి కదా, అవి మన కంటికి కనబడనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. షట్టరు 1000వ వంతు పెడితే ఊరి పేరులో సగం అక్షరాలు మాయమవుతాయి. పేరు కావాలంటే రైలు ఆగి ఉన్నప్పుడు షట్టరు బాగా తగ్గించి తీయాలి.

ఇక ఎండ. ఇంజను ముక్కు మీదా, పెట్టెల పక్క మీదా రెండిటి మీదా ఎండ పడే వైపు నిలబడాలి. దానికి లైను ఏ దిక్కుగా వెళ్తోందో తెలియాలి. ఫోన్లో మ్యాపు చూస్తే చాలు. వేసవిలో 9 దాటితే మాత్రం కెమెరా సంచిలో పెట్టేయండి. కంకర, పట్టాలు కాగిపోయి పైకి లేచే వేడిగాలికి పెద్ద లెన్సులో దూరపు రైలు వణికిపోతూ కనబడుతుంది. లక్ష రూపాయల లెన్సు పెట్టినా అది పోదు.

మన వైపు లైన్లలో ఇంకో శత్రువు కరెంటు స్తంభం. జంట లైనైతే రెండు పక్కలా ఉంటాయి. పెద్ద లెన్సుతో నేరుగా చూస్తే స్తంభాలన్నీ దగ్గరకు జరిగి సరుగుడు తోటలా అవుతాయి. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, ఖాళీ ఫ్రేము ముందే చూసుకోవడం. రెండడుగులు పక్కకి జరిగితే ఇంజను నెత్తి మీద మొలిచిన స్తంభం పోతుంది. చిన్న డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండరు, అంటే కన్ను పెట్టి చూసే కిటికీ, ఫ్రేము మొత్తం చూపించదని కూడా గుర్తుంచుకోండి. నా దానిలో కనిపించేది 95 శాతమే. మీరు కోసేశాననుకున్న తీగ, చెత్తకుండీ ఫొటోలో ఓ మూల నవ్వుతూ ఉంటాయి.

ఇప్పుడు పట్టాల మీద, పట్టాల పక్కన అనే తేడా దగ్గరికొస్తాను. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

18 దగ్గర పెట్టిన లెన్సులోంచి చూస్తే వస్తున్న రైలు చాలా దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. ఇంకా చిన్నగానే ఉంది, ఇంకా టైముంది అనిపిస్తుంది. ఉన్నట్టుండి ఫ్రేమంతా నిండిపోతుంది. అప్పటికి మీ దగ్గర ఉండేది సెకను, మహా అయితే రెండు. ఒక కన్ను మూసి, రెండో కన్ను కెమెరాకి అంటించినవాడికి రెండో లైను మీద వచ్చే రైలు కనబడదు, మొదటి రైలు హోరులో వినబడదు కూడా. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనక, బయటైతే గేటు అవతల, రోడ్డు మీద, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నిలబడండి. పట్టాల మధ్యకీ, కంకర మీదకీ వద్దు. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా లైను మీదకి వెళ్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైనున్న తీగలో 25 వేల వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు, అదే దూకుతుంది. వంతెన మీద నుంచి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), సెల్ఫీ కర్ర పైకెత్తి తీసేవాళ్లని చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి. స్టేషనుకి వెళ్తే ప్లాట్‌ఫారం టికెట్టు కొని, స్టేషన్ మాస్టరు గారికి ఒక మాట చెప్పండి. కాదంటే వాదించకుండా వచ్చేయండి. రేపు ఇంకో చోటు ఉంటుంది.

ముందుగా సిద్ధమవడం ఎంత దూరం వెళ్లగలదో చూపించినాయన ఒకరున్నారు. విన్‌స్టన్ లింక్ అని అమెరికాయన. 1955 నుంచి 1960 దాకా, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆఖరి ఆవిరి ఇంజన్లని ఎక్కువగా రాత్రిపూట తీశాడు. రైల్వేవాళ్ల సహకారంతోనే లెండి. పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు, వాటికి మైళ్లకొద్దీ తీగలు. అవి ఒక్కసారే వెలుగుతాయి, కాబట్టి ఒక్కో రైలుకీ ఒక్కటే ఛాన్సు. డ్రైవ్-ఇన్ సినిమా ముందు నుంచి ఇంజను వెళ్లే ఫొటో ఒకటుంది. ఫ్లాష్ వెలుగుకి తెర మీది బొమ్మ పోతే, తర్వాత చీకటిగదిలో అతికించాడు. ఆ కాలంలో అంత చేసినవాడి ముందు మనం సెకనుకి 3 ఫొటోలే వస్తున్నాయని ఏడవడం సిగ్గుచేటు.

మనకి ఆ బల్బులు అక్కర్లేదు. మన రాజమండ్రికి గోదావరుంది.

హేవ్‌లాక్ వంతెన 1900లో తెరిచారు, 1997 దాకా రైళ్లు మోసి విశ్రాంతి తీసుకుంది. దాని బదులు వచ్చిందే మన ఆర్చ్ వంతెన. 28 ఆర్చీలు, ఒక్కొక్కటి 97 మీటర్ల పైన. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా ఈ అంకె నాకు ఫొటోలు మొదలుపెట్టాకే పనికొచ్చింది. పెట్టె పొడవు 23 మీటర్ల పైచిలుకు, అంటే ఒక్కో ఆర్చీలో నాలుగు పెట్టెలు పడతాయి. 24 పెట్టెల రైలు ఆరు ఆర్చీలు నింపుతుంది. మీ ఫ్రేములో ఎన్ని ఆర్చీలున్నాయో లెక్కపెడితే, ఇంజను ఎక్కడుంటే తోక ఎక్కడుంటుందో రైలు రాకముందే చెప్పేయొచ్చు.

సాయంత్రం మన ఘాట్ల మీద నుంచి చూస్తే సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. అదీ ఏడాదంతా ఒకచోట కాదు. జూన్‌లో వాయవ్యానికి, డిసెంబరులో నైరుతికి జరుగుతాడు. జనవరిలో ఒక ఆర్చీ కింద దిగినవాడు ఏప్రిల్లో అక్కడుండడు. అందుకే నేను ఒక నోటుబుక్కులో ఏ వారం ఏ మెట్టు మీద కూర్చుంటే ఏ ఆర్చీలో సూర్యుడొచ్చాడో రాసుకుంటాను. ఎక్స్‌పోజరు ఆకాశానికి పెట్టండి, రైలు నల్లగానే రానివ్వండి. స్లీపరు పెట్టెలైతే అటు కిటికీ ఇటు కిటికీ కలిసి లోపల్నుంచి ఎర్రటి ఆకాశం కనబడుతుంది. తలుపు దగ్గర కూర్చున్న మనిషి కాళ్లు కూడా విడిగా తెలుస్తాయి. ఏసీ పెట్టెలు వస్తే నల్ల దిమ్మలు వరసగా పోయినట్టుంటుంది. అందుకే నేను ఆ పూట పాత పాసింజరు బండి కోసమే చూస్తాను. ఏసీ పెట్టెలు ఎక్కువగా ఉన్న రైలు వస్తే కెమెరా దించి టీ తాగుతాను.

అనుకున్న ఆర్చీలో సూర్యుడు, కిటికీల్లో ఆకాశం, ఇంజను మూడో ఆర్చీ మొదట్లో, ఈ మూడూ కలిసిన ఫొటో కోసం నాలుగు చలికాలాలుగా వెళ్తున్నాను. రెండుసార్లు మబ్బు పట్టింది. ఒకసారి అన్నీ కుదిరి, సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. ఇంకోసారి బ్యాటరీ ఇంట్లో ఛార్జరులోనే ఉంది.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. నాలుగింటికల్లా పుష్కర ఘాట్ దగ్గర ఉంటాను. రావాలనుకున్నవాళ్లు 55–250 లాంటి లెన్సుంటే తెచ్చుకోండి, లేకపోయినా రండి. టీ నేనిప్పిస్తాను. బ్యాటరీలు మాత్రం ఎవరివి వాళ్లు చూసుకోండి.