యంత్రాల సిరి ఎవరింటికి చేరింది?

(ఆదివారం చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: యూరప్ చరిత్ర బోధించే అధ్యాపకురాలు, ఆర్థికశాస్త్ర నిపుణుడు, గుంటూరు జిల్లాలో ఓ స్పిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన కార్మిక నాయకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. బడిపిల్లలు పరీక్షల్లో రాసే ప్రశ్ననే ఈ రోజు పెద్దవాళ్ల ముందు పెడుతున్నాం. పారిశ్రామికీకరణ వల్ల యూరప్‌లో అందరూ బాగుపడ్డారా? మేడమ్, మీతో మొదలుపెడదాం. అవునా, కాదా?

అధ్యాపకురాలు: ఏ సంవత్సరంలో అడుగుతున్నారండీ?

వ్యాఖ్యాత: అంటే?

అధ్యాపకురాలు: 1840లో ఇంగ్లండ్‌లోని మిల్లుల ఊరు మాంచెస్టర్‌లో అడిగితే ఒక జవాబు వస్తుంది. 1900లో అదే వీధిలో అడిగితే ఇంకో జవాబు. చిక్కేమిటంటే, మొదటి జవాబు చెప్పినవాళ్లు రెండోది వినడానికి లేరు. మనం మాత్రం తాత పడ్డ పాట్లను మనవడి జీతంలో చెల్లువేసి, లెక్క సరిపోయింది అంటాం. నా పేచీ అక్కడే.

ఆర్థిక నిపుణుడు: తాత లెక్క విడిగా వేసినా నాకు భయం లేదు మేడమ్. 1801 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి 89 లక్షల మంది. 1851కి కోటీ 79 లక్షలు. యాభై ఏళ్లలో రెట్టింపు. అంతమంది బతికారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. మిల్లులు లేని చోట ఏం జరిగిందో ఐర్లాండ్‌ని అడగండి. 1845లో బంగాళాదుంపకు తెగులు పట్టింది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది పోయారు.

అధ్యాపకురాలు: అప్పటి ఐర్లాండ్ పరాయి దేశం కాదు సార్, 1801 నుంచి బ్రిటన్‌లో భాగం. ఆ కరువు ఏళ్లలో కూడా ఐర్లాండ్ రేవుల్లో ధాన్యం, పశువులు ఇంగ్లండ్‌కి ఓడలెక్కాయి. మిల్లు ఊళ్లు తిన్న తిండిలో అదీ ఉంది. మిల్లులు లేక చచ్చారనేస్తే సగం కథే అవుతుంది.

వ్యాఖ్యాత: సరే, మాంచెస్టర్‌కే వద్దాం. మిల్లు లోపల ఎలా ఉండేది?

అధ్యాపకురాలు: 1832లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఎలిజబెత్ బెంట్లీ అనే ఆమె సాక్ష్యం చెప్పింది. అప్పటికి 23 ఏళ్లు. ఆరేళ్లప్పుడే అవిసెనార మిల్లులో చేరింది. పని ఎక్కువున్న రోజుల్లో పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా. మధ్యాహ్నం నలభై నిమిషాలు విరామం, అంతే. వెనకబడితే తోలుపట్టీతో కొట్టేవారని చెప్పింది. ఆ పిల్ల చేసిన పని డాఫింగ్.

కార్మిక నాయకుడు: డాఫింగా? ఆరేళ్లకా?

వ్యాఖ్యాత: మీకు తెలిసిన పనే కదా. మా ప్రేక్షకులకు చెప్పండి.

కార్మిక నాయకుడు: దారం నిండిన కండెల్ని లాగేసి, ఖాళీవి తొడగడం. వినడానికి ఏముంది అనిపిస్తుంది. ఫ్రేము, అంటే నూలు వడికే యంత్రం, ఆగి ఉన్నంతసేపూ యజమానికి నష్టం, అందుకని మేస్త్రీ చూపంతా నీ చేతుల మీదే ఉంటుంది. ఒక ఫ్రేము అయ్యేసరికి ఇంకోటి నిండి ఉంటుంది. కూర్చోవడం అనే మాటే ఉండదు. నేను పద్ధెనిమిదేళ్లకు చేరాను, వ్యవసాయం చేసిన ఒళ్లు. అయినా మొదటి నెల మడమలు వాచిపోయాయి. నిద్రలో కూడా చేతులు ఏదో పీకుతున్నట్టు కదులుతున్నాయని మా అమ్మ దిష్టి తీసింది. ఆరేళ్ల పిల్లకి అసలు ఫ్రేము అందుతుందా?

ఆర్థిక నిపుణుడు: నేనూ సమర్థించడం లేదండీ. కానీ రెండు మాటలు చెప్పాలి. మిల్లులు రాకముందు కూడా పిల్లలు ఇళ్లలో, పొలాల్లో పనిచేశారు. పైగా ఆ 1832 కమిటీ ఏకపక్షమని అప్పుడే విమర్శ ఉంది. సాక్షుల చేత ప్రమాణం కూడా చేయించలేదు.

అధ్యాపకురాలు: నిజమే. అందుకే మిల్లు యజమానులు పట్టుబట్టి ఇంకో కమిషన్ వేయించుకున్నారు. ఆ కమిషనూ చట్టం కావాలనే అంది! 1833 చట్టం అలా వచ్చింది. తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టకూడదు, పదమూడు లోపు వాళ్లకు వారానికి 48 గంటలు మించకూడదు. పట్టు మిల్లులకు మాత్రం మినహాయింపు. దేశం మొత్తానికి ఇన్‌స్పెక్టర్లు నలుగురు.

కార్మిక నాయకుడు: నలుగురంటే చాలా ఎక్కువే. (నవ్వు)

వ్యాఖ్యాత: సార్, కూలి సంగతేమిటి? పెరిగిందా?

ఆర్థిక నిపుణుడు: పెరిగింది. ఎప్పుడు అన్నది ముఖ్యం. ఇక్కడ మేడమ్‌కి ఉపయోగపడే అంకెను నేనే ఇస్తాను. రాబర్ట్ అలెన్ అనే ఆర్థిక చరిత్రకారుడు వేసిన లెక్క ఉంది. 1780 నుంచి 1840 వరకు బ్రిటన్‌లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగింది, నిజ వేతనం, అంటే ధరల పెరుగుదల తీసేసి చూసిన కూలి, 12 శాతమే. మిగతాదంతా యజమాని లాభంలోకి పోయింది. 1840 నుంచి 1900 వరకు చూస్తే ఉత్పత్తి 90 శాతం పెరిగితే వేతనం 123 శాతం పెరిగింది. అంటే ఆలస్యమైంది గానీ, వచ్చింది.

అధ్యాపకురాలు: అరవై ఏళ్ల ఆలస్యం సార్. మన రైలు ఆలస్యంలా చెబుతున్నారు.

ఆర్థిక నిపుణుడు: ఆ లాభమే మళ్లీ రైలు మార్గాలైంది, కొత్త మిల్లులైంది. పెట్టుబడి ఆకాశం నుంచి ఊడిపడదు కదా.

అధ్యాపకురాలు: కూడబెట్టుకున్నది ఎవరు, కడుపు మాడ్చుకున్నది ఎవరు అని అడుగుతున్నా. పైగా కార్మికులందరి సగటులో చాలామంది కనబడరు. ఉదాహరణకి నూలు వడికే ఆడవాళ్లు. 18వ శతాబ్దంలో పల్లెటూరి ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వచ్చేది ఎక్కువగా రాట్నం మీదే. 1760ల్లో ఒకేసారి చాలా పోగులు వడికే జెన్నీ యంత్రం వచ్చింది. 1771లో ఆర్క్‌రైట్ అనే వ్యాపారి ఇంగ్లండ్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే నూలు మిల్లు కట్టాడు. ఒకటి రెండు తరాల్లో ఇంటి రాట్నాలు అటకెక్కాయి. తమాషా ఏమిటంటే, అదే సమయంలో చేనేత మగవాళ్లకు పండగ. నూలు చవకగా, కుప్పలుగా దొరికింది, నేసేవాళ్లు చాలలేదు, కూలి పెరిగింది. ఆ తర్వాత మరమగ్గం వచ్చింది. 1800 ప్రాంతంలో వారానికి ఇరవై షిల్లింగుల పైన తెచ్చుకున్న చేనేతకారుడు 1830ల్లో ఆరేడు షిల్లింగులకు దిగిపోయాడు. పక్కింటివాడి కొంప మునిగినప్పుడు వాడు గమనించలేదు, తన వంతు వచ్చేదాకా.

కార్మిక నాయకుడు: తిరగబడలేదా?

అధ్యాపకురాలు: తిరగబడ్డారు. లడ్డైట్లు అనే కార్మిక బృందాలు 1811 నుంచి రాత్రిపూట యంత్రాలు పగలగొట్టాయి. 1812లో పార్లమెంటు మేజోళ్లు, లేసు అల్లే యంత్రాలు విరగ్గొడితే ఉరిశిక్ష అని చట్టం చేసింది. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరితీశారు. ఇంగ్లండ్ ఒక్కటే కాదు. 1831లో ఫ్రాన్స్‌లో లియాన్ పట్టు నేతగాళ్లు తిరుగుబాటు చేశారు. 1844లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలోని సైలీషియాలో నేతగాళ్ల మీద సైనికులు కాల్పులు జరిపారు, 11 మంది చనిపోయారు.

వ్యాఖ్యాత: మన నేతగాళ్ల సంగతి కూడా దీనికి ముడిపడే ఉంది కదా?

అధ్యాపకురాలు: ఉంది. మచిలీపట్నం అద్దకం బట్టలు యూరప్ ఆడవాళ్లకి ఎంత మోజంటే, ఫ్రాన్స్ 1686లోనే అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1701లో దిగుమతి ఆపింది, 1721లో వాటిని కట్టుకోవడమే ఆపింది. పోటీని గుమ్మంలో ఆపుకుని తర్వాత మిల్లులు పెట్టారు. అది ఇంకో కార్యక్రమానికి సరిపడే కథ, ఇక్కడితో ఆపేద్దాం.

వ్యాఖ్యాత: ఆరోగ్యం గురించి ఒక మాట...

అధ్యాపకురాలు: 1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే బ్రిటిష్ అధికారి ఒక పారిశుద్ధ్య నివేదిక ఇచ్చాడు. అందులో ఒక పట్టిక ఉంది. మాంచెస్టర్‌లో చనిపోయినవాళ్ల సగటు వయసు పెద్దమనుషుల కుటుంబాల్లో 38, వ్యాపారుల కుటుంబాల్లో 20, కూలీల కుటుంబాల్లో 17.

కార్మిక నాయకుడు: పదిహేడా!

అధ్యాపకురాలు: కూలీలంతా పదిహేడేళ్లకే పోయారని కాదు. పసిపిల్లలు ఎక్కువగా పోవడంతో సగటు అలా పడిపోయింది. ఇప్పుడు రట్లాండ్ అనే వ్యవసాయ జిల్లా చూడండి. అక్కడ పెద్దమనుషులకు 52, కూలీలకు 38. అంటే మాంచెస్టర్ బంగళాలో ఉన్నవాడి ఇంటి సగటూ, రట్లాండ్ పాలేరు ఇంటి సగటూ ఒకటే. ఊరి మురుగు డబ్బున్నవాడినీ వదల్లేదు.

ఆర్థిక నిపుణుడు: అయినా జనం పల్లె వదిలి అక్కడికే వచ్చారు మేడమ్, ఎవరూ తాళ్లు కట్టి లాక్కురాలేదు. పట్నంలో నగదు కూలి ఎక్కువ. ఉతుక్కుంటే మళ్లీ కట్టుకోగలిగే చవక నూలు చొక్కా పేదవాడి ఒంటి మీదకి వచ్చింది ఈ మిల్లుల వల్లే. 1844 చట్టం ప్రకారం రైలు కంపెనీలు రోజుకి ఒక్క బండైనా మైలుకి ఒక పెన్నీ చొప్పున, పైకప్పున్న పెట్టెల్లో నడపాలి. పుట్టిన ఊరు దాటని కూలివాడు సముద్రం చూడగలిగాడు. ఇవి చిన్న విషయాలు కావు.

అధ్యాపకురాలు: కావు, ఒప్పుకుంటున్నా. కానీ మీరే అన్నారు, "చట్టం ప్రకారం" అని. ఆవిరియంత్రం దానంతటది పైకప్పు వేయలేదు సార్.

కార్మిక నాయకుడు: నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. మా మిల్లులో తాగునీటి కుళాయి కూడా పదిహేడు రోజులు సమ్మె చేస్తే వచ్చింది.

వ్యాఖ్యాత: జర్మనీలో అప్పటి ఛాన్సలర్ బిస్మార్క్ సమ్మె లేకుండానే కార్మికులకు బీమా, పింఛను ఇచ్చాడంటారు?

ఆర్థిక నిపుణుడు: 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను. ప్రపంచంలో ఎవరూ చేయని పని.

అధ్యాపకురాలు: అంతకుముందే, 1878లో సోషలిస్టు పార్టీ సభల మీద, పత్రికల మీద నిషేధం పెట్టాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో బెల్లం. పింఛను కూడా డెబ్భై ఏళ్లకు.

కార్మిక నాయకుడు: డెబ్భై! ఖజానాకి పెద్ద ఖర్చేమీ అయి ఉండదు.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. మేడమ్, గనుల గురించి కూడా ఒక మాట చెప్పండి.

అధ్యాపకురాలు: పిల్లల పని మీద 1842లో వచ్చిన బ్రిటిష్ కమిషన్ నివేదికలో సారా గూడర్ అనే ఎనిమిదేళ్ల పిల్ల మాటలున్నాయి. బొగ్గుగని లోపల తలుపు దగ్గర కూర్చుంటుంది. బండి వచ్చినప్పుడు తీయాలి, పోయాక వేయాలి, గాలి సరిగా ఆడేందుకు. తెల్లవారుజామున నాలుగింటికి దిగితే సాయంత్రం ఐదు దాటాక పైకి. దీపం ఉంటే అప్పుడప్పుడు పాడుకుంటానని, చీకట్లో పాడటానికి భయమని చెప్పింది. ఆ నివేదిక చదివి లండన్ పెద్దలు నిర్ఘాంతపోయారు. అదే ఏడాది ఆడవాళ్లూ, పదేళ్ల లోపు మగపిల్లలూ గని లోపలికి దిగకూడదని చట్టం వచ్చింది.

ఆర్థిక నిపుణుడు: చూశారా, వ్యవస్థ తనను తాను దిద్దుకుంది.

కార్మిక నాయకుడు: ఒక్క నిమిషం సార్. అమ్మా, ఆడవాళ్లని బయటికి పంపించేశారు, సంతోషం. ఆ ఇంటికి పోయిన కూలి ఎవరిచ్చారు?

అధ్యాపకురాలు: ఎవరూ ఇవ్వలేదు. పరిహారం అనే మాటే చట్టంలో లేదు. అందుకే కొన్ని చోట్ల ఆడవాళ్లు దొంగచాటుగా మళ్లీ దిగారు. చూడటానికి దేశమంతటికీ ఉన్నది ఒక్క అధికారి.

కార్మిక నాయకుడు: ఆ అధికారికి కనబడకుండా దిగారంటే, పైన ఇంట్లో పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో.

వ్యాఖ్యాత: ఇక్కడ చిన్న విరామం తీసుకుందాం.