పన్ను వసూలుకి నజరానా ఇస్తే ఎవరి జేబు నిండుతుంది?

యాంకర్: నమస్కారం. ఆస్తి పన్ను వసూలు చేసే సిబ్బందికి వసూలును బట్టి డబ్బిస్తే ఏమవుతుంది? ఇవాళ్టి చర్చలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ గారు, రిటైరైన మున్సిపల్ రెవెన్యూ అధికారి గారు, హైదరాబాద్‌లోని ఒక కాలనీ సంఘం కార్యదర్శి గారు ఉన్నారు. మేడమ్, ఇది ఎక్కడైనా చేసి చూశారా?

ప్రొఫెసర్: పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో చేశారండీ. అద్నాన్ ఖాన్, ఆసిం ఖ్వాజా, బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్తలు 482 పన్ను యూనిట్లు, అంటే సర్కిళ్లు తీసుకున్నారు. కొన్నింటికి నజరానా పెట్టారు, కొన్నింటిని పాత పద్ధతిలోనే వదిలేశారు. అక్కడ సర్కిల్‌కి ముగ్గురుంటారు: ఇన్‌స్పెక్టరు, గుమాస్తా, కానిస్టేబులు. నజరానా ఆ ముగ్గురి జట్టుకి. రెండేళ్లయ్యాక చూస్తే, నజరానా లేని చోట్లకన్నా ఆ చోట్ల వసూళ్లు పెరిగే వేగం 46 శాతం ఎక్కువగా ఉంది. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి.

అధికారి: వేగం అన్నారు, అది పట్టుకోండి. వసూలే 46 శాతం పెరిగిందని కాదు.

ప్రొఫెసర్: నిజమే. వసూలులో తేడా పది శాతం లోపే.

కార్యదర్శి: పది శాతమైనా మంచిదే కదండీ. మరి జనం నుంచి ఎలా రాబట్టారు?

ప్రొఫెసర్: అసలు కథ అక్కడే ఉంది. పన్ను పెరిగింది కొద్ది ఇళ్లకే. వాటి అసలు విలువ కట్టేసరికి బిల్లు బాగా పెరిగింది. ఎక్కువ ఇళ్లకి పైసా పెరగలేదు. కానీ ఆ ఇళ్లవాళ్లు లంచం మాత్రం మునుపటికన్నా ఎక్కువిచ్చామన్నారు.

యాంకర్: అంటే నజరానా లంచం రేటు పెంచిందా?

అధికారి: పెంచదా మరి! మీ ఇంటి మీద మూడో అంతస్తు రికార్డులో లేదనుకోండి. అది రాస్తే నాకేమీ రానప్పుడు కొంచెం ముట్టజెప్తే సరిపోయేది. ఇప్పుడు రాస్తే నాకు వాటా వస్తుంది. రాయకుండా ఉండాలంటే మీరు ఆ వాటా కన్నా ఎక్కువివ్వాలి. మేడమ్ ముగ్గురి జట్టు అన్నారు. లంచం బేరంలో నాలుగోవాడు ఇంటి యజమాని.

ప్రొఫెసర్: 1982లో బెంగ్ట్ హోమ్‌స్ట్రామ్ అనే ఆర్థికవేత్త జట్టు పని గురించి ఒక సంగతి తేల్చారు, 2016లో నోబెల్ కూడా అందుకున్నారు. కలిసి సంపాదించినదంతా సభ్యులే పంచుకుంటే ప్రతివాడికీ తన కష్టంలో కొంత వాటానే దక్కుతుంది, కాబట్టి ఎవరూ పూర్తిగా కష్టపడరు. ముగ్గురూ పంచుకునే నజరానాకి ఆ బెడద ఉంది. లంచానికి అంత బెడద ఉండదు, ఇచ్చేవాడు ఎదురుగానే ఉంటాడు కదా.

కార్యదర్శి: అందరూ సిబ్బంది గురించే మాట్లాడుతున్నారు. మా సంగతి చూడండి. జీహెచ్ఎంసీలో ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు. కట్టకపోతే నెలకి 2 శాతం వడ్డీ. సరే, భయపడి కట్టాం. ఆ తర్వాత 2020లో, 2022లో, 2024లో పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ అన్నారు! మా సంఘం మీటింగులో ఒకాయన లేచి, "ముందే కట్టినవాడు పిచ్చోడా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ప్రొఫెసర్: ఒకసారి మాఫీ చేస్తే ఖజానాకి డబ్బొస్తుంది. మళ్లీ మళ్లీ చేస్తే తర్వాతి మాఫీ కోసం ఎదురుచూడటం నేర్పినట్టే. పంజాబ్‌లోనే ఆ తర్వాత ఇంకో పద్ధతి చూశారు. బాగా వసూలు చేసిన ఇన్‌స్పెక్టరుకి కోరుకున్న చోట పోస్టింగు ముందుగా ఎంచుకోనిచ్చారు. డబ్బు వాటా లేకుండానే వసూళ్లు పెరిగాయి.

అధికారి: అది పని చేస్తుంది. బదిలీ కోసం మావాళ్లు ఎవరి చుట్టూ తిరుగుతారో నాకు తెలుసు. కానీ ఇన్‌స్పెక్టరుకి మంచి సర్కిలొస్తే, వీధుల్లో ఎండలో తిరిగిన బిల్ కలెక్టర్‌కేమొచ్చింది? నేను పనిచేసిన ఒక ఊళ్లో మార్చి 31 రాత్రి పన్నెండింటి దాకా కౌంటరు తెరిచి ఉంచేవాళ్లం. టార్గెట్ దాటితే పెద్దసారుకి శాలువా, బిల్ కలెక్టర్‌కి మర్నాడు ఇంకా పెద్ద టార్గెట్. అందుకని వాళ్లు వచ్చే డబ్బులో కొంత కావాలనే ఏప్రిల్‌కి తోసేవాళ్లు.

కార్యదర్శి: "తొందరేం లేదు, పై నెల చూద్దాం లెండి" అని మా బిల్ కలెక్టర్ అనేది అందుకేనా?

అధికారి: ఆయన నాకు తెలీదండీ. మా ఊళ్లో అయితే అందుకే.