స్నోక్వాల్మీ గూడ్స్ షెడ్: కలప ఊళ్లో కలప ఎక్కని గది

అందరికీ నమస్కారం. అమెరికాలోని సియాటిల్ నుంచి తూర్పుకి సుమారు 48 కిలోమీటర్లు వస్తే స్నోక్వాల్మీ. జలపాతం వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఈసారి కెమెరా స్టేషన్ వైపు. సియాటిల్, లేక్ షోర్ అండ్ ఈస్టర్న్ రైల్వే 1890లో కట్టిన చెక్క డిపో ఇది, ఇప్పుడు నార్త్‌వెస్ట్ రైల్వే మ్యూజియం. ప్రయాణికుల గదులతో పాటు సరుకు గది కూడా ఇదే కప్పు కింద ఉంది. అంటే మన గూడ్స్ షెడ్డే.

నది అవతల 1917లో పెద్ద సామిల్లు మొదలైంది, 2003లో మూతపడింది. ఆ కలపంతా ఈ గదిలోంచే వెళ్లిందనుకుంటారు చాలామంది. కాదండీ. వ్యాగన్ నిండే సరుకు మిల్లు సైడింగులోనే, అంటే మిల్లు దాకా వేసిన పక్క లైనులోనే, ఎక్కేది. ఇలాంటి గదికి వచ్చేది వ్యాగన్ నిండని చిల్లర సరుకు: మేకుల పీపాలు, పిండి బస్తాలు, రంపపు బ్లేళ్లు, మిషను బెల్టులు. అందుకే జలపాతం కంటే ఈ గదే చూడాలంటాను.

పని ఎలా జరిగేదంటే, వ్యాగన్ తలుపుని గది తలుపుకి ఎదురుగా ఆపి, మధ్య సందులో పలక వేసి, రెండు చక్రాల బండి మీద దించేవాళ్లు. కాటా వేసి, బిల్లుతో సరిచూసి సంతకం తీసుకునేవాళ్లు. ప్లాట్‌ఫారం వ్యాగన్ నేలకి సమంగా, పట్టాల మీద నుంచి మూడున్నర నాలుగడుగుల ఎత్తుండాలి. ఏళ్ల తరబడి కంకర పోసి పట్టాలు ఎత్తితే వ్యాగన్ పైకి లేస్తుంది, పలక ఏటవాలవుతుంది, బరువు బండి ఎక్కించడం నరకం. పైగా ఇక్కడి వానలు! నేలని తాకే స్తంభాల మొదళ్లు ముందు పుచ్చుతాయి. ఈ డిపోకి అంత వెడల్పు చూరు ఉండటం ఎంత అవసరమో చూడండి. మన జంక్షన్ల హోరుకి అలవాటైనవాళ్లకి మాత్రం, ఆ చూరు కింద నిలబడితే దిగులేస్తుంది.

మిల్లులో పలకల్ని చేత్తోనే ఒక్కొక్కటిగా వ్యాగన్లోకి ఎక్కించేవాళ్లు. పొడుగు పలకలు పక్క తలుపులో తిరగవు కాబట్టి కొన్ని వ్యాగన్లకి చివరి గోడలో చిన్న తలుపు ఉండేది. కిరాయి బరువుని బట్టి, కాబట్టి పచ్చి కలప పంపితే అందులోని నీళ్లకీ కట్టాల్సి వచ్చేది. బట్టీలో ఆరబెట్టడానికి అదొక కారణం.

ఇక్కడ కలప కొలత బోర్డు ఫుట్: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. అలాంటివి 12 అయితే మన అడితి లెక్కలో ఒక ఘనపుటడుగు. దుకాణంలో ఎనిమిదడుగుల టూ బై ఫోర్ (పేరుకి రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పున్న కలప) దాదాపు నాలుగు డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 350 రూపాయలు. కానీ ఆరి, చిత్రిక పట్టాక అది ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. బిల్లు మాత్రం పేరులో ఉన్న కొలతకే! పెరట్లో పందిరి వేసుకునేవాళ్లు గీత గీసే ముందే ఆ అరంగుళం తీసేయండి.