గుడిబండ నుంచి వెళ్లిన రాకుమారుడు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ భాగాన్ని నల్లగొండలో, గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న మా గురువుగారి ఇంటి వరండాలో కూర్చుని రికార్డు చేస్తున్నాం కనుక, మధ్యలో ఆటోల హారన్లు వినిపిస్తే మన్నించాలి. సార్ ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు పాఠాలు చెప్పారు, ఆ విద్యార్థుల్లో నేనూ ఒకదాన్ని. ఈ రోజు మాట్లాడుకోబోయేది సినీ నటుడు తాడేపల్లి లక్ష్మీకాంతారావు గారి గురించి, అంటే అందరికీ తెలిసిన పేరులో కాంతారావు గారి గురించి. సార్, నిజం చెప్పాలంటే ఆయన పేరు వినగానే మా తరానికి గుర్తుకొచ్చేవి రెండే: చేతిలోని కత్తి, చివరి రోజుల్లో పడిన ఇబ్బందులు.

సార్: అందుకేనమ్మా, నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆ ఇబ్బందుల కథ వద్దని షరతు పెట్టాను. ఆస్తులు పోగొట్టుకున్నారన్న కథను ఇప్పటికి వంద మంది చెప్పారు, అది అబద్ధమని కూడా నేననను. కానీ ఆ జాలి ఎంత పెరిగిందంటే, 1951 నుంచి యాభై ఏళ్లకు పైగా ఆ మనిషి కెమెరా ముందు ఏం చేశారో అడిగే వాళ్లే లేకుండా పోయారు. దాదాపు 400 చిత్రాలని లెక్క చెబుతారు. అన్ని చిత్రాలకు పిలిపించుకున్న నటుడి దగ్గర ఏదో ఒక పనితనం ఉండి ఉండాలి కదా. నాకు దాని గురించి మాట్లాడాలని ఉంది.

వ్యాఖ్యాత: అయితే ఊరి నుంచే మొదలుపెడదాం సార్.

సార్: ఆయన 1923 నవంబర్ 16న కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టారు. అది అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. మాది కూడా ఆ వైపే కాబట్టి ఆ నేల గురించి కొంత చెప్పగలను. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. కానీ కోదాడ దాటి కొంత దూరం వెళ్తే జగ్గయ్యపేట వస్తుంది, అది బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాష్ట్రం. ఇటు పక్కనే ఉన్న మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం భూభాగమే ఉన్నా తాను మాత్రం కృష్ణా జిల్లాకు చెందినది, అది నల్లగొండలో కలిసింది 1959లోనే. అంటే గుడిబండ వాళ్లకు దస్తావేజు ఉర్దూలో ఉన్నా, రాత్రి పూట పద్యనాటకం చూడాలనుకుంటే బండి కట్టుకుని పోయేంత దూరంలోనే దొరికేది. పౌరాణిక సంభాషణ పలకడంలో కాంతారావు గారి నాలుక ఎక్కడా తడబడలేదంటే, ఈ సరిహద్దు గాలి కూడా ఒక కారణమని నా అభిప్రాయం. దీనికి ఋజువు చూపమంటే చూపలేను, తెలుగు మాస్టారి ఊహ అనుకో.

వ్యాఖ్యాత: ఆ రోజుల్లో ఊరు విడిచి మద్రాసు వెళ్లడమంటే చిన్న విషయం కాదు.

సార్: పైగా అవి ఎలాంటి రోజులు! 1946 నుంచి 1951 దాకా మన జిల్లాలో సాయుధ పోరాటం, మధ్యలో 1948లో పోలీసు చర్య. ఊళ్లో భూములున్న కుటుంబం నుంచి ఒక యువకుడు నాటకాల పిచ్చితో చెన్నపట్నం రైలెక్కితే, ఇంట్లో వాళ్లు సంతోషించారో నిట్టూర్చారో మనకు తెలియదు. అక్కడ హెచ్.ఎం. రెడ్డి గారి కంట్లో పడ్డారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన దర్శకుడు ఆయనే. 1951లో 'నిర్దోషి'లో చిన్న వేషం, 1953లో 'ప్రతిజ్ఞ'లో ఏకంగా కథానాయకుడు. విచిత్రమేమిటంటే రాజనాల గారు తెర మీద మొదట కనిపించింది కూడా ఆ 'ప్రతిజ్ఞ'లోనే. తర్వాత ఇరవై ఏళ్లు ఒకరి మీద ఒకరు కత్తి దూసుకున్న ఇద్దరి ప్రయాణమూ ఒకే సినిమాతో ఊపందుకుందన్న మాట.

వ్యాఖ్యాత: ఆ కత్తి దగ్గరికి వద్దామా సార్? మీరు చూసిన మొదటి జానపదం గుర్తుందా?

సార్: గుర్తు లేకపోవడమేమిటి? మా ఊరి పక్కన డేరా వేసిన టూరింగ్ టాకీసులో, నేల టికెట్ కొనుక్కుని, 'గురువును మించిన శిష్యుడు' చూశాను. 1963 సినిమా మా డేరాకు ఎప్పటికి చేరిందో చెప్పలేను కానీ, అప్పటికే ఆ ప్రింటు మీద గీతలు వానలా పడేవి. ప్రొజెక్టర్ ఒక్కటే కావడంతో రీలు మార్చినప్పుడల్లా దీపం వెలిగించేవారు, సరిగ్గా రాకుమారుడు రాక్షసుడి గుహలోకి అడుగు పెట్టబోతుండగా వెలుగు వచ్చేసరికి పిల్లలమంతా అరిచేవాళ్లం. ఆ ఖాళీలో మేం చేసే పని ఒక్కటే, జొన్న చొప్ప దంటును కత్తిగా పట్టుకుని కాంతారావు గారిలా నిలబడటం.

వ్యాఖ్యాత: విఠలాచార్య గారి చిత్రాలు కదా అవి.

సార్: అవును. ఉడుపి నుంచి కన్నడ చిత్రాల మీదుగా మద్రాసు వచ్చిన మనిషి విఠలాచార్య. 1959లో 'జయ విజయ', 1960లో 'కనకదుర్గ పూజా మహిమ', 1964లో 'నవగ్రహ పూజా మహిమ', 1965లో 'జ్వాలాద్వీప రహస్యం', వీటన్నిటికీ కథానాయకుడు కాంతారావు గారే. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే ఆ చిత్రాలను పిల్లల సినిమాలని తేలిగ్గా తీసేస్తారు. ఆ రోజుల్లో మాయలన్నీ చాలా వరకు కెమెరాలోనే జరిగేవి. లెన్సుకు సగం అడ్డు పెట్టి ఒక సగం తీసి, ఫిల్ము వెనక్కు తిప్పి, ఈసారి రెండో సగానికి అడ్డు పెట్టి మళ్లీ తీసేవారు. రాకుమారుడు భూతంతో మాట్లాడుతున్నట్టు మనకు కనిపిస్తుంది, కానీ నటుడి ఎదురుగా అక్కడ భూతం లేదు, గోడ కూడా లేదు. లేనిదాని కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో లెక్కగట్టి చూపు అక్కడే నిలిపి, బదులు వస్తుందని ఊహించి అంతసేపు ఆగి, మళ్లీ మాట అందుకోవాలి. చూపు బెత్తెడు పక్కకు పోతే ట్రిక్కు మొత్తం బయటపడిపోతుంది. ముడి ఫిల్ము అప్పుడు దిగుమతి సరుకు, నియంత్రణలో దొరికే సరుకు. వెయ్యి అడుగుల ఫిల్ము పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి నిర్మాతకు కావలసింది రెండో టేకు అడగని నటుడు.

వ్యాఖ్యాత: అంటే తక్కువ ఖర్చులో జానపదం తీయగలగడానికి ఆయన కూడా ఒక కారణమంటారు.

సార్: నేనలాగే అనుకుంటాను. అయితే అది కూడా ఆయన సగం కథే. మిగతా సగం పౌరాణికాల్లో ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. చాయ్ వచ్చింది, తీసుకో ముందు, చల్లారిపోతుంది.

వ్యాఖ్యాత: థాంక్స్ సార్. చెప్పండి.

సార్: 1957లో 'మాయాబజార్' వచ్చాక తెలుగు వాడి మనసులో కృష్ణుడికి ఎన్.టి. రామారావు గారి ముఖమే ఖాయమైపోయింది, క్యాలెండర్లలో కూడా ఆ ముఖమే. అయితే రామారావు గారు ఎప్పుడూ కృష్ణుడే వేయలేదు కదా. 1963లో 'నర్తనశాల'లో అర్జునుడు, అంటే బృహన్నల వేశారు, 1965లో 'పాండవ వనవాసం'లో భీముడు వేశారు. మరి ఆ రెండింటిలోనూ కృష్ణుడెవరు? కాంతారావు గారు. ఇప్పుడు ఆయన చిక్కు ఆలోచించు. జనం కృష్ణుడని నమ్మే మనిషి అదే సినిమాలో అర్జునుడి వేషంలో తిరుగుతుంటే, ఈయన పింఛం పెట్టుకుని వచ్చి నేను కృష్ణుణ్ణి అని ప్రేక్షకుణ్ణి ఒప్పించాలి. ఆ చిరునవ్వును అనుకరిస్తే నకలు అంటారు, పూర్తిగా వేరేగా చేస్తే ఈయన కృష్ణుడేమిటంటారు.

వ్యాఖ్యాత: మరి ఏం చేశారు సార్?

సార్: తగ్గించారు. ఆ కృష్ణుడిలో చిలిపితనం తక్కువ, నిదానం ఎక్కువ. బంధువుల ఇంటికి పెద్దమనిషి వచ్చి మాట సర్ది వెళ్లినట్టుంటుంది. కథ ఆయన వల్లే నడుస్తుందని తెలుస్తుంది కానీ, కథను ఆయన లాక్కోరు. నారదుడి విషయంలోనూ అంతే. 1961లో 'సీతారామ కల్యాణం', 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము', 1966లో 'శ్రీకృష్ణ తులాభారం', ఈ మూడింటిలోనూ నారదుడు ఆయనే. నారదుణ్ణి హాస్యగాడిగా మార్చేయడం చాలా సులువు, నాటకాల్లో చాలామంది ఆ పనే చేసేవారు. ఈయన నారదుడు తంపులు పెడుతున్నప్పుడు కూడా ముని అనే అనిపిస్తాడు.

వ్యాఖ్యాత: సాంఘిక చిత్రాల్లో కూడా ఇలాగే పక్కన నిలబడే పాత్రలేనా?

సార్: 'రక్తసంబంధం' 1962. రామారావు గారు అన్న, సావిత్రి గారు చెల్లెలు, వాళ్లిద్దరి కన్నీళ్ల మధ్య నలిగే భర్త పాత్ర ఈయనది. ప్రేక్షకుడు ఆ భర్తను క్షమించకూడదు, అలాగని పూర్తిగా అసహ్యించుకోనూ కూడదు. ఇక 1969లో వచ్చిన 'ఏకవీర' వేరే లెక్క, అందులో రామారావు గారికి దాదాపు సమానమైన పాత్ర. విశ్వనాథ వారి నవలకు మన సి. నారాయణరెడ్డి గారు మాటలు రాశారు. తెలంగాణ కవి రాసిన మాటను తెలంగాణ నటుడు పలికాడని నేను తరగతిలో గర్వంగా చెప్పేవాణ్ణి, నువ్వు వినే ఉంటావు.

వ్యాఖ్యాత: ప్రతి సంవత్సరం చెప్పేవారు సార్. మీరు వద్దన్న విషయమే అయినా ఒక్క మాట అడుగుతాను. నిర్మాణంలోకి ఎందుకు దిగారంటారు?

సార్: అడిగావు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. హైమా ఫిలింస్ పేరుతో 1969లో 'సప్తస్వరాలు', 'గండర గండడు', 1971లో 'ప్రేమజీవులు', 1974లో 'గుండెలు తీసిన మొనగాడు', ఎన్నో ఏళ్ల తర్వాత 1989లో 'స్వాతి చినుకులు'. డబ్బు పోయింది, భూములు పోయాయి. 1969 అంటే తెలంగాణ ఉద్యమ సంవత్సరం, మా చదువులే ఆగిపోయాయి, ఇక సినిమాలకు పోయేదెవరు? కానీ అసలు సంగతి కాలం మారడమని నాకనిపిస్తుంది. రంగుల సాంఘికాలు వచ్చాక నలుపు తెలుపు జానపదానికి చోటు తగ్గింది. తనకు బాగా తెలిసిన సినిమా తన కళ్లముందే వెనక్కు పోతుంటే, దాన్ని సొంత డబ్బుతో ఆపాలని చూశారేమో. వ్యాపారిగా అది తప్పే. నటుడిగా నాకు అర్థమవుతుంది.

వ్యాఖ్యాత: ఆ తర్వాత కూడా ఆయన ఆగిపోలేదు కదా.

సార్: ఆగలేదు, అదే నేను చెప్పదలచుకున్నది. నాయకుడి వేషాలు పోయాక తండ్రి, తాత, పూజారి, ఊరి పెద్ద, ఏదిస్తే అది వేశారు. ఒకప్పుడు తన పేరు మీద టికెట్లు తెగిన మనిషి రెండు సన్నివేశాల పాత్రకు సమయానికి మేకప్ వేసుకుని కూర్చోవడానికి, మొదటి నుంచీ పక్కన నిలబడే పాత్రలు చేసిన అలవాటే తోడ్పడిందనుకుంటాను. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియళ్ల కాలం మొదలైంది, వాటిలోనూ నటించారు. సీరియల్‌లో ఒక్క రోజులో తీసే సన్నివేశాలు సినిమాలో వారానికి కూడా ఉండవు, మాటలు అప్పటికప్పుడు కాగితం మీద వస్తాయి. పేజీలకు పేజీలు కంఠతా పట్టిన నాటకం వాళ్లకు అది కష్టం కాదు, కష్టమల్లా రిహార్సల్ లేకపోవడం.

వ్యాఖ్యాత: మీరు ఆయన్ను టీవీలో చూశారా సార్?

సార్: మా అమ్మతో కలిసి చూశాను. ఏ సీరియలో పేరు గుర్తు లేదు. నెరిసిన జుట్టుతో, భుజాన కండువాతో ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని మనవరాలికి ఏదో చెబుతున్నారు. మా అమ్మకు అప్పటికి చూపు సరిగా ఆనదు. గొంతు విని, "ఈయన ఆ కత్తి రాజు కాదురా?" అంది. ముఖం పోల్చుకోలేని ఆమె గొంతు పోల్చుకుంది.

వ్యాఖ్యాత: ప్రభుత్వం ఆయనకు 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు. మన జిల్లా నుంచి సినిమాకు వెళ్లిన వాళ్లంటే మరో పేరు కూడా చెబుతారు కదా సార్.

సార్: డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి గారు, తుంగతుర్తి. ఎం.బి.బి.ఎస్. చదివి, 1960లో 'చివరకు మిగిలేది'తో తెరకెక్కారు. హైదరాబాదులో సినీ కార్మికుల చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన గురించి అయితే ఇంకో పూట కూర్చోవాలి, ఈ పూట కలపవద్దు.

వ్యాఖ్యాత: అయితే చివరి ప్రశ్న. కాంతారావు గారిని అసలు చూడని పిల్లలు ఇంట్లో ఉంటే మొదట ఏది చూపించాలి?

సార్: జానపదం చూపించమని చెబుతాననుకున్నావు కదా? కాదు, 'లవకుశ' చూపించు. 1958లో మొదలై, డబ్బు చాలక ఆగి, తండ్రి సి. పుల్లయ్య గారు ప్రారంభించినది కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేస్తే 1963లో విడుదలైంది; తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి చిత్రం అదే. రాముడు రామారావు గారు, సీత అంజలీదేవి గారు, లక్ష్మణుడు కాంతారావు గారు. రాజాజ్ఞ ప్రకారం లక్ష్మణుడు వదినను అడవిలో వదిలి రావాలి. ఎందుకు వచ్చామో ఆ తల్లికి ఇంకా తెలియదు, తెలిసిన వాడు ఆయనొక్కడే. సీతమ్మ మాట్లాడేటప్పుడు పిల్లలు సహజంగా ఆమెనే చూస్తారు. రెండోసారి అదే సన్నివేశం పెట్టి, ఈసారి లక్ష్మణుణ్ణి మాత్రమే చూడమను.

వ్యాఖ్యాత: నా ఫోన్లో ఉంది సార్, ఇప్పుడే పెట్టనా?

సార్: పెట్టు. నా కళ్లజోడు లోపల బల్ల మీద ఉంది, ముందు అది తెచ్చిపెట్టు.