బల్ల మీది కాజీపేటకు సిగ్నల్ కోడ్ రాయడం ఎట్లా

అందరికీ నమస్తే. కాజీపేట పక్కన నిలబడి రైళ్ల గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు డీజిల్ షెడ్డులోనో, ఎలక్ట్రిక్ షెడ్డులోనో, గార్డుగానో చేసినవాళ్లే ఉంటారు. కాబట్టి అసలు రైలు జోలికి ఎక్కువ పోను. బల్ల మీద నడిచే చిన్న రైలుకు సిగ్నళ్లు పెట్టి, అవి నిజంగా పనిచేసేట్టు కోడ్ రాయడం, ఏ బండి ఎక్కడుందో తెర మీద చూపించడం, ఈ రెండూ చెప్తాను. ముందు వరుసలో ఇంజనీరింగ్ పిల్లలు కూర్చున్నారు, అందుకని కొంచెం కోడ్ గోల ఉంటుంది, పెద్దవాళ్లు ఓపిక పట్టాలి.

ముందే ఒక పేచీ పెట్టుకుంటాను. చాలా లేఅవుట్లలో, అంటే బల్ల మీద వేసిన రైలు మార్గాల్లో, సిగ్నల్ ఎట్లా పనిచేస్తుందంటే, బండి సెన్సర్ దాటగానే ఎరుపు, ఐదు సెకన్లకు పసుపు, ఇంకో ఐదు సెకన్లకు ఆకుపచ్చ. చూడ్డానికి బాగానే ఉంటుంది, వీడియో తీస్తే లైకులు కూడా వస్తాయి. కానీ అది సిగ్నల్ కాదు, పెళ్లి పందిరికి కట్టిన సీరియల్ సెట్టు. బండి ముందు బ్లాకులోనే, అంటే ఆ సిగ్నల్ తర్వాత వచ్చే పట్టా ముక్కలోనే, మొరాయించి ఆగిపోయినా ఆ లైటుకు పట్టదు, పది సెకన్లు కాగానే రా రా అని ఆకుపచ్చ చూపిస్తుంది, వెనక వచ్చే బండి పోయి గుద్దుతుంది. సిగ్నల్ చెప్పాల్సింది వెళ్లిపోయిన బండి గురించి కాదు, ముందున్న పట్టా గురించి. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మన రైల్వేలో రంగుల లెక్క తెలియనివాళ్ల కోసం గబగబా చెప్పేస్తా. ఎరుపు అంటే ఆగు. ఒక పసుపు అంటే వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి పో. రెండు పసుపులు, అంటే డబుల్ ఎల్లో, వచ్చే సిగ్నల్‌ను తక్కువ వేగంతో దాటాల్సి రావచ్చు, చూసుకో అని. ఆకుపచ్చ అంటే పో. దీపాలు నాలుగు, రంగులు మూడే: పైన పసుపు, దాని కింద ఆకుపచ్చ, మళ్లీ పసుపు, అన్నిటికీ కింద, లోకో పైలట్ కంటి ఎత్తుకు దగ్గరగా ఎరుపు. రెండు పసుపుల మధ్య ఆకుపచ్చను ఎందుకు ఇరికించారంటే, పక్కపక్కనే ఉన్న రెండు పసుపు దీపాలు దూరం నుంచి ఒకటే దీపంలా కలిసిపోతాయి, అప్పుడు ఒక పసుపుకూ రెండు పసుపులకూ తేడా తెలియదు. మోడల్ సిగ్నల్ కొనేటప్పుడు ఈ వరుస చూసుకోండి.

బండ్ల కదలికను బట్టి సిగ్నళ్లు వాటంతట అవే మారే ఆటోమేటిక్ సెక్షన్‌లో రూలు చాలా శుభ్రంగా ఉంటుంది. ముందు బ్లాకులో బండి ఉంటే ఎరుపు, ఒక్క బ్లాకు ఖాళీ అయితే పసుపు, రెండయితే డబుల్ ఎల్లో, మూడో అంతకన్నా ఎక్కువో ఖాళీ అయితే ఆకుపచ్చ. అసలు రైల్వేలో దీనికి తోడు ఓవర్‌లాప్ అని ఇంకో 120 మీటర్లు కూడా ఖాళీగా ఉండాలి, ఎవరైనా కొంచెం ముందుకు జారినా ప్రమాదం జరగకుండా. ఆ 120ని మన హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు) ప్రకారం 87తో భాగిస్తే దాదాపు 1.4 మీటర్లు, ఒక బల్ల పొడవు దానికే పోతుంది. ముందే హెచ్చరించడానికి కిలోమీటరు దూరంలో పెట్టే డిస్టెంట్ సిగ్నల్ అయితే 11.5 మీటర్లు, ఇంటి గోడ దాటి పక్కింట్లో పెట్టాలి. కాబట్టి దూరాల్లో రాజీ పడక తప్పదు. లాజిక్‌లో మాత్రం పడకండి, దానికి స్థలం ఖర్చు కాదు.

ఇప్పుడు కోడ్. ప్రతి సిగ్నల్‌కు ఒక ఫంక్షన్, అంటే ఏ రంగు చూపించాలో తేల్చే చిన్న కోడ్ ముక్క. దానికి మూడు సంగతులు తెలియాలి: ముందు బ్లాకు ఖాళీనా, దారిలో ఉన్న పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) సరిగ్గా కూర్చున్నాయా, తర్వాతి సిగ్నల్ ఏం చూపిస్తోంది. ఫంక్షన్ మొదటి లైనులోనే జవాబు ఎరుపు అని రాసేయండి. ఆ తర్వాత బ్లాకు ఖాళీ కాకపోతే అక్కడే వెనక్కి వచ్చేయాలి, పాయింటు కుదరకపోతే అక్కడే వెనక్కి వచ్చేయాలి. ఈ గడపలన్నీ దాటాకే తర్వాతి సిగ్నల్‌ను చూడాలి: అది ఎరుపైతే నువ్వు పసుపు, అది పసుపైతే నువ్వు డబుల్ ఎల్లో, అది డబుల్ ఎల్లో గానీ ఆకుపచ్చ గానీ అయితే నువ్వు ఆకుపచ్చ. ఏ దారీ తేలకపోతే, మీరు రాయడం మరచిన సందర్భం ఏదైనా వస్తే, మొదట రాసిన ఎరుపే మిగులుతుంది. రైల్వే వాళ్ల పద్ధతి కూడా ఇదే. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంట్ తీసుకున్న ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా కరెంటు ఎప్పుడూ పారుతూ రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్చును) పట్టి ఉంచుతుంది. బండి చక్రాలు రెండు పట్టాలనూ కలిపినా, వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది.

ఇక్కడ పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు, మంచి ప్రశ్న. లేఅవుట్ గుండ్రంగా ఉంటే ఒకటో సిగ్నల్ రెండోదాన్ని చూస్తుంది, రెండోది మూడోదాన్ని, చివరిది మళ్లీ ఒకటోదాన్ని, అప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఎక్కడా మొదలుపెట్టక్కర్లేదు. స్విచ్ వేయగానే అన్నీ ఎరుపు అనుకోండి, పాత విలువలు చూసి కొత్త విలువలు అన్నిటికీ ఒకేసారి వేయండి. పట్టా మీద బండి లేకపోతే మొదటి చుట్టుకు అన్నీ పసుపు, రెండో చుట్టుకు డబుల్ ఎల్లో, మూడో చుట్టుకు ఆకుపచ్చ. బండి ఉంటే దాని వెనక సిగ్నల్ ఎరుపు దగ్గరే ఉండిపోతుంది, మిగతావి దాన్నిబట్టి సర్దుకుంటాయి. ఈ చుట్లను కొంచెం నెమ్మదిగా తిప్పితే సిగ్నళ్లన్నీ వరుసగా రంగులు మారి నిలబడటం కళ్లతో చూడొచ్చు, నాకైతే బండి నడవడం కంటే అదే ఇష్టం.

హార్డ్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు 14 డిజిటల్ పిన్నులు, నాలుగు దీపాల సిగ్నళ్లు మూడు పెట్టేసరికి దాదాపు అయిపోతాయి. 74హెచ్‌సీ595 అనే చిన్న చిప్పు తీసుకుంటే మూడు వైర్లతో ఎనిమిది దీపాలు, ఒకదాని వెనక ఒకటి గొలుసులా కడుతూ పోవచ్చు. ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 5 వోల్టుల మీద ఎరుపుకు, పసుపుకు 3 మిల్లీయాంప్‌లు వెళ్తాయి, ఇంట్లో చూడ్డానికి అది చాలు. ఆకుపచ్చ ఎల్‌ఈడీలు మాత్రం అదే కరెంటుకు కళ్లు జిగేల్‌మనిపిస్తాయి, దానికి పెద్ద రెసిస్టర్ వేసుకోండి. కోడ్‌లో డిలే (ప్రోగ్రాంను కాసేపు ఆపేసే ఆజ్ఞ) వాడకండి, ఒక సిగ్నల్ కోసం ఆగితే లేఅవుట్ మొత్తం గుడ్డిదవుతుంది. టైము చూసుకుంటూ తిరిగే లూప్ రాయండి.

అసలు కష్టం బండి ఉందో లేదో తెలుసుకోవడంలో ఉంది. మామూలు డీసీ లేఅవుట్‌లో బండి ఆగితే కరెంటు ఆగుతుంది, ఆగిన బండి కనపడదు. డీసీసీలో (పట్టాల గుండానే డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతిలో) ఆ బాధ తక్కువ. 1980ల చివర్లో జర్మనీలో లెంజ్ కంపెనీ మొదలుపెట్టిన పద్ధతి అది, 1990లలో అమెరికాలోని మోడల్ రైల్వే వాళ్ల సంఘం దాన్ని ప్రమాణంగా తీసుకుంది. పట్టాల మీద దాదాపు 15 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, ఇంజిన్‌కు వెళ్లే ఆజ్ఞలు కూడా ఆ వోల్టేజీ అటూ ఇటూ మారడంలోనే ఉంటాయి. ఇంజిన్ ఆగి ఉన్నా దానిలో ఆ ఆజ్ఞలు చదివే డీకోడర్ కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది, బ్లాకు వైరులో ఒక సెన్సర్ పెడితే దొరికిపోతుంది.

ఇంజిన్ దొరికింది సరే, బోగీలు? బోగీలో కరెంటు వాడేదేమీ లేదు. కప్లింగ్ ఊడి చివరి రెండు బోగీలు బ్లాకులోనే ఉండిపోయాయనుకోండి, ఇంజిన్ ముందుకు పోగానే ప్రోగ్రాం బ్లాకు ఖాళీ అనుకుని వెనక బండికి పొమ్మని సిగ్నల్ ఇచ్చేస్తుంది. అసలు రైల్వేలో దీని కోసమే చివరి బోగీకి ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి బోగీ) బోర్డు పెడతారు, రాత్రిపూట మెరిసే ఎర్ర దీపం పెడతారు. బండి మొత్తం వచ్చిందా అని స్టేషన్ సిబ్బంది ఆ గుర్తు చూసే నిర్ధారిస్తారు. మోడల్‌లో మన ఎల్‌వీ బోర్డు ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్. బియ్యపు గింజలో సగం ఉండే సర్ఫేస్ మౌంట్ రెసిస్టర్‌ను ఇరుసు మీద, ఒక చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఇన్సులేషన్ ఉన్న చోట అంటించి, రెండు కొసలకూ కరెంటు పారే పెయింటు రాయాలి. పెయింటు ఆరాక మల్టీమీటర్‌తో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి కొలవండి, పది వేలు రావాలి. ఇరుసుకు 1.5 మిల్లీయాంప్‌లు పోతాయి, అంతే. చివరి బోగీకి కచ్చితంగా వేయండి, ఓపిక ఉంటే ప్రతి బోగీకీ వేయండి.

ఎండాకాలం మన దగ్గర దుమ్ము సంగతి తెలుసు కదా. పట్టా మురికైతే సెన్సర్ ఉంది, లేదు, ఉంది, లేదు అని కొట్టుకుంటుంది, సిగ్నల్ దాంతోపాటు మినుకుమినుకుమంటుంది. దీనికి మందు ఒకటే: ఉంది అంటే వెంటనే నమ్మండి, లేదు అంటే ఒకటి రెండు సెకన్లు వరుసగా లేదు అంటేనే నమ్మండి. రెండు వైపులా ఒకే టైము పెట్టేవాళ్లను చూశాను, అది సుఖం కోసం రాసిన కోడ్, సిగ్నల్ కోడ్ కాదు.

పాయింట్ల దగ్గర ఇంకా కఠినంగా ఉండాలి. పాయింటును కదిపే సర్వో మోటారుకు లూప్ లైను (మెయిన్ లైను పక్కన బండిని నిలిపే లైను) వైపు తిరుగు అని చెప్పాం కాబట్టి అది తిరిగింది అనుకోవడం తప్పు. చెప్పడం వేరు, జరగడం వేరు. అసలు పాయింట్ మెషీన్‌ను పరీక్షించేటప్పుడు పట్టాకూ కదిలే నాలుకకూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి చూస్తారు, ఆ మాత్రం సందు ఉన్నా పాయింటు కుదిరినట్టు చూపించకూడదు. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర బహనాగా బజార్ స్టేషన్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. సిగ్నల్ మెయిన్ లైనుకు ఆకుపచ్చ, పాయింటు మాత్రం లూప్ వైపు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పోయి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది, 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్లలో మార్పులు చేసినప్పటి లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. మన బల్ల మీద ఎవరూ చావరు, కానీ పాయింటు కదిలే కడ్డీకి రెండు వైపులా చిన్న మైక్రో స్విచ్‌లు పెట్టి, అవి ఔను అంటేనే సిగ్నల్ ఇచ్చే అలవాటు ఇప్పుడే చేసుకుంటే, రేపు మీలో ఎవరైనా రైల్వే సిగ్నల్ విభాగంలో చేరితే ఆ అలవాటు వెంట వస్తుంది.

కాజీపేటను మోడల్ చేయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. మన జంక్షన్ ఒక త్రిభుజం: సికింద్రాబాద్ వైపు ఒక మూల, బల్లార్షా వైపు ఒక మూల, వరంగల్ వైపు ఒక మూల. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి సికింద్రాబాద్ పోతుంది, చెన్నై పోయే జీటీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే వరంగల్ చేరతాయి. బల్ల మీద ఈ మూడో భుజం వేయగానే ఎడమ పట్టా తిరిగి తిరిగి వచ్చి కుడి పట్టాను కలుస్తుంది, షార్ట్ సర్క్యూట్. ఒక భుజాన్ని రెండు కొసల్లోనూ రెండు పట్టాలూ కోసి విడదీయాలి, దానికి ఆటో రివర్సర్ అనే బోర్డు పెట్టాలి, బండి దాని మీదికి ఎక్కగానే కంటికి తెలియనంత వేగంగా అది ప్లస్ మైనస్‌లను తిప్పేస్తుంది. ఆ ముక్క మీ అన్నిటికన్నా పొడవైన బండి కంటే పొడుగ్గా ఉండాలి. హెచ్‌ఓలో ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం ప్రయాణికుల బోగీ దాదాపు 27 సెంటీమీటర్లు, ఎనిమిది బోగీలూ ఇంజిన్ కలిపితే రెండున్నర మీటర్లకు దగ్గర. 24 బోగీల బండి నడుపుతానంటే మీకు ఇల్లు కాదు, గోదాము కావాలి.

ఇక తెర. స్టేషన్ మాస్టర్ దగ్గర ప్యానెల్ చూసినవాళ్లకు తెలుసు, రూటు వేస్తే ఆ దారి పొడుగునా తెల్ల దీపాలు వెలుగుతాయి, బండి ఎక్కిన ముక్క ఎర్రగా మారుతుంది. అదే రంగులు పెట్టండి, కొత్తవి కనిపెట్టకండి. జేఎమ్‌ఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్యానెల్ గీసుకోవచ్చు, డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ కమాండ్ స్టేషన్ ఆర్డుయినో మెగా మీదే నడుస్తుంది, రెండూ కలిసి మాట్లాడుకుంటాయి.

ఎర్ర గీత చూపించడం తేలిక, ఆ ఎరుపు ఏ బండో చూపించడంలోనే మజా ఉంది. నాలుగో బ్లాకు ఇప్పుడే నిండింది, పక్కన మూడో బ్లాకులో శాతవాహన ఎక్స్‌ప్రెస్ అని పేరుంది, సిగ్నల్ మూడు నుంచి నాలుగుకు ఇచ్చి ఉంది, అయితే వచ్చింది శాతవాహనే, పేరు నాలుగుకు కూడా రాయి. మూడు ఖాళీ అయ్యాక అక్కడ చెరిపేయి. అటు భాగ్యనగర్, ఇటు శాతవాహన రెండూ ఆనుకుని ఉంటే ఏ రూటు వేశామో చూసి తేల్చాలి. ఏ పక్కనా బండి లేకుండా బ్లాకు నిండిందంటే ఎవరో చేత్తో బోగీ పెట్టారు, లేదా సెన్సర్ పాడైంది. అప్పుడు ఊహించి పేరు వేయకండి, పెద్ద ప్రశ్నార్థకం వేయండి. ఊహ వద్దనుకుంటే ఇంజిన్ కింద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు (తాకకుండానే చదవగల గుర్తింపు బిళ్ల) అంటించి పట్టా కింద రీడర్ పెట్టొచ్చు. బండ్లు గుద్దుకోకుండా ఆపే మన రైల్వే పద్ధతి కవచ్‌లో ఇది తిరగేసి ఉంటుంది, ట్యాగులు పట్టాల మధ్య, రీడర్ ఇంజిన్‌కు. మన దక్షిణ మధ్య రైల్వేలోనే, 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజిన్‌లో కూర్చుని దాన్ని పరీక్షించారు.

ఇదంతా ఆట అని ఇంట్లో తిడితే, అమెరికాలో ఎంఐటీ మోడల్ రైల్వే క్లబ్బు గురించి చెప్పండి. 1946-47లో మొదలైన ఆ క్లబ్బులో సిగ్నళ్లూ కరెంటూ చూసుకునే పిల్లలు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ రిలేలతో బల్ల కింద వైర్ల అడవి పెంచారు, తర్వాత అదే పిల్లలు కాలేజీ కంప్యూటర్ మీద పడ్డారు. హ్యాకర్లు అనే జాతి అక్కడ పుట్టిందని చెప్పుకుంటారు. ఇంట్లో ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వను.

బయట పెట్టిన లేఅవుట్‌కు ప్యానెల్ ఉంది, మీరే నడపండి. సిగ్నల్ బటన్, రూట్ బటన్ రెండూ ఒకేసారి నొక్కాలి, మన రైల్వే ప్యానెల్ పద్ధతే, చెయ్యి పొరపాటున తగిలితే రూటు పడకుండా. పిల్లలను ఏ బటన్ కావాలంటే అది నొక్కనివ్వండి, కుదరని రూటు అది ఇవ్వదు, ఎందుకు ఇవ్వలేదో తెర మీద తెలుగులో రాస్తుంది: పాయింటు కుదరలేదు, మూడో బ్లాకులో బండి ఉంది, ఎదురు రూటు వేసి ఉంది. పెద్దవాళ్లకు వేరే పని ఉంది. లూప్ లైనులో నిలబెట్టిన గూడ్సులో ఒక వ్యాగన్ ఇరుసుకు కావాలనే రెసిస్టర్ తీసేశాను. మల్టీమీటర్ ముట్టుకోకుండా, వ్యాగన్లను ఒక్కొక్కటిగా విడదీసి మెల్లగా ఖాళీ బ్లాకులోకి నెడుతూ, ప్యానెల్ చూసి అది ఏ వ్యాగనో పట్టుకోండి చూద్దాం.